గుమ్మం దాటని ముద్దాయి

కోర్టు మాటలకు అర్థాలు రాసిమ్మన్నారు నన్ను. ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు వేసే వార్షిక సంచికలో రెండు పేజీలు ఖాళీ ఉన్నాయట. కంప్యూటర్ ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఇద్దరు మా ఖిదిర్‌పూర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "ఆంటీ, ఎఫ్ఐఆర్ అంటే ఏంది, ఛార్జిషీటు అంటే ఏంది, బెయిల్ అంటే ఏంది, అట్ల ఒక లిస్టు రాసియ్యండి చాలు, అందరికి పనికొస్తది" అన్నారు. రాయనన్నాను. ఇచ్చిన టీ తాగి, మొహాలు చిన్నబుచ్చుకుని వెళ్ళారు పాపం.

లిస్టులు మీ ఫోన్లలోనే ఉన్నాయి కదర్రా, దానికి నేనెందుకు? ఒక్కో మాట బోనులో నిలబడ్డ మనిషిని ఏం చేస్తుందో ఆ లిస్టులో ఉండదు. అది నాకు తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఈ బెంగాలీ నగరపు దక్షిణం వైపు క్రిమినల్ కోర్టులో ఒక వకీలుగారి దగ్గర ముహురీగా పనిచేశాను. ముహురీ అంటే వకీలు గుమాస్తా. కాగితాలు రాయడం, తారీఖులు చూడడం, జామీనుదారుల్ని పోగుచేయడం, ఏడ్చేవాళ్ళని కూర్చోబెట్టడం, కూర్చున్నవాళ్ళని బోనులోకి పంపడం, అన్నీ మా పనే. మాట్లాడడం ఒక్కటే మా పని కాదు. నల్లకోటు లేనివాళ్ళు కోర్టు హాల్లో నోరు విప్పకూడదు. నా నోరు గురించి తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద శిక్షో అర్థమవుతుంది.

కాబట్టి పిల్లలూ, లిస్టు బదులు ఒక్క కేసు చెబుతాను. మాటలు దారిలో వస్తాయి, ఏరుకోండి. సెక్షన్ల నంబర్లు ఈమధ్య మారిపోయాయి గానీ మాటలు మారలేదు, మనుషులు అసలే మారలేదు.

నేను చేరి ఇరవై రెండేళ్ళు దాటాక వచ్చిన కేసు ఇది. భవానీపూర్‌లో వీధులు ఊడ్చి, ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తే మనిషి. మనవాళ్ళే, శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడు వచ్చినవాళ్ళు. మొగుడు కూడా కార్పొరేషన్‌లో అదే పనిలో పర్మినెంటు ఉద్యోగిగా ఉండి చనిపోయాడు. ఈమెది రోజుకూలీ. మొగుడి ఉద్యోగం ఈమెకి ఇవ్వాలని దరఖాస్తు పెట్టుకుంటే, ఇస్తామన్నారు, కాగితం ఆఫీసులో కదులుతూ ఉంది. సరిగ్గా అప్పుడు పడింది పిడుగు. ఆ వీధిలో మూడో అంతస్తులో ఉండే ఒకావిడ, తన బంగారు గాజు పోయిందని, చెత్త తీసుకెళ్ళే మనిషే తీసిందని పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చింది. ఆ రాసిచ్చిందే ఎఫ్ఐఆర్. నేరం జరిగిందని స్టేషన్‌కి అందిన మొదటి కబురు, అంతే. అది రుజువు కాదు. కానీ మన వాడల్లో ఎఫ్ఐఆర్ అంటే తీర్పు వచ్చేసినట్టే. పొయ్యి దగ్గర కూర్చున్న దాన్ని చీపురుతో సహా పట్టుకుపోయారు. గాజు దొరకలేదు. ఇల్లంతా తిరగేసినా దొరకలేదు. అయినా మూడు రోజులు లోపల ఉంచాకే జామీను, అదే బెయిల్, వచ్చింది.

ఇంకో మాట చెప్పాలి. ముద్దాయి. మనకి ముద్దాయి అంటే నేరం మోపించుకున్న మనిషి. ఉర్దూ తెలిసిన వకీళ్ళ దగ్గర ఆ మాట అంటే నవ్వేవారు, వాళ్ళకి అది ఫిర్యాదు చేసిన మనిషట. ఇక్కడి బంగ్లా భాషలో అయితే ఆసామీ అంటారు. ఆసామీ అంటే మన వైపు పొలం పుట్ర ఉన్న పెద్దమనిషి. మా మనిషికి చీపురు తప్ప ఇంకేమీ లేదు, అయినా ఆసామీ అయింది.

పోలీసులు దర్యాప్తు ముగించి ఛార్జిషీటు వేశారు. దాని తర్వాత మేజిస్ట్రేటుగారు అభియోగం చదివి వినిపించి, "నేరం ఒప్పుకుంటావా?" అని ముద్దాయిని అడిగే రోజు ఒకటి ఉంటుంది. మా గదిలో ఆ రోజుకి ఒక ఆనవాయితీ ఉంది. అది పెట్టింది నేనే. చిన్న కేసు, పేద మనిషి, మొదటి తప్పు అయితే, "ఒప్పేసుకో" అని చెప్పేదాన్ని. మేజిస్ట్రేటుగారు మెత్తనివారైతే మందలించి వదిలేస్తారు. జైలు ఉండదు. లేదంటే ఏళ్ళ తరబడి తారీఖులు. తారీఖు ఉన్న రోజల్లా పని పోతుంది, పని పోతే పొయ్యి వెలగదు. ఇలా ఎంతమందిని ఒప్పించి పంపానో లెక్కలేదు. నాకు పుణ్యం చేస్తున్నట్టే ఉండేది. "దీదీ ఉంటే కేసు పూటలో ఖతం" అని మా వకీలుగారు నలుగురిలో మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని, వెర్రిదాన్ని.

ఈమెకీ అదే చెప్పాను. ముందురోజు కోర్టు అరుగు మీద కూర్చోబెట్టి, నెమ్మదిగా, చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"ఒప్పుకుంటే ఏటవుద్ది అప్పా?" అంది. అప్ప అంటే మా వైపు అక్క.

"ఏమీ అవదు. బుద్ధిగా ఉండు అని ఒక మాట అని పంపేస్తారు."

"కాయితం మీద దొంగ అని రాత్తారా, రాయరా?"

"ఏదో రాస్తారులే. చిన్న అచ్చరాలు, ఎవరు చదువుతారు?"

"నాను సదవలేను గానీ అప్పా, ఆపీసులో గుమాస్తా బాబు సదువుతాడు కదా. కేసులో తప్పు తేలితే ఆ ఉజ్జోగం రాదని సెప్పేసినాడు."

"జైలు పడితే కదే రాదు! మందలించి వదిలేస్తే శిక్షే కాదు. నాకు తెలీదా? ఇరవై రెండేళ్ళ బట్టి చూత్తన్నాను," అని గదమాయించాను.

నాకు తెలియదు. అదీ అసలు సంగతి. మందలించి వదిలేసినా, నేరం చేసిందన్న మాట మాత్రం రికార్డులో నిలిచిపోతుంది. దాన్ని పట్టుకుని ఉద్యోగాలు ఆపేసే ఆఫీసులు ఉన్నాయి. ఇది నాకు ఇరవై రెండేళ్ళుగా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నా దగ్గర ఒప్పేసుకుని వెళ్ళినవాళ్ళు మళ్ళీ వచ్చి చెప్పరు కదా, వాళ్ళ బతుకు తర్వాత ఏమైందో. అక్షరం రాని మనిషికి తెలిసింది నాకు తెలియలేదు.

మర్నాడు పిలుపు వచ్చింది. బోనులో నిలబడింది. మేజిస్ట్రేటుగారు బంగ్లాలో అభియోగం చదివి, "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు. నేను వెనకనుంచి తల ఊపుతున్నాను, ఊ అను, ఊ అను అని. ఆమె నా వైపు చూడనైనా లేదు.

"నిర్దోష్, హుజూర్," అంది. "బిచార్ చాయి."

నేను నిర్దోషిని, నాకు విచారణ కావాలి అని. పొద్దుట్నించీ హాల్లో చివరి బెంచీ మీద కూర్చుని, మిగతా ముద్దాయిలు చెప్పేది విని విని ఆ మాట నేర్చేసుకుంది మహాతల్లి! మా వకీలుగారు గిర్రున వెనక్కి తిరిగి నన్ను చూశారు. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

బయటకొచ్చాక తిట్టాను. చెట్టంత వకీలుగారి పరువు తీశావు, నీకు పని చేసిపెట్టడం నాది బుద్ధి తక్కువ, వెళ్ళి ఇంకొకరిని చూసుకో అని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. అంతా విని, కొంగు దోపుకుంది.

"నాను తియ్యనేదు అప్పా. తియ్యని దానికి తీసినానని నువ్వే సెప్పమంటే, ఆవిడ సెప్పిన దానికీ నువ్వు సెప్పిన దానికీ తేడా ఏటి?"

ఆ పూట అన్నం సయించలేదు. సాయంత్రం పాత వకీలు ఒకాయన్ని పట్టుకుని, మందలించి వదిలేసిన కేసులో ఉద్యోగం వస్తుందా రాదా అని అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు, కాగితంలో నేరం నిలుస్తుంది కదమ్మా" అన్నాడు, ఇంత చిన్న విషయం అడుగుతావేమిటన్నట్టు. నాకు సిగ్గుతో చెవులు కాలాయి. ఎంతమందికి ఆ సలహా ఇచ్చానో, వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ రోజు నుంచి మా గదిలో ఆ ఆనవాయితీ ఎత్తేశాను. వకీలుగారు సణిగారు. సణగనీ అనుకున్నాను.

విచారణ నడిచింది. అంటే నడవలేదు. ఒక తారీఖుకి సాక్షి రాలేదు, ఒక తారీఖుకి సర్కారు వకీలుకి జ్వరం, ఒక తారీఖుకి మేజిస్ట్రేటుగారు సెలవు. ఏడాది దాటింది. మొగుడి ఉద్యోగం కాగితం ఆఫీసులో, కేసు తేలేదాకా అని పక్కన పడేశారు. ఈమె మాత్రం ప్రతి తారీఖుకీ తెల్లవారగట్లే వీధి ఊడ్చేసి, చేతులు కడుక్కుని, పదిన్నరకల్లా హాజరు. కేసు ఉందని ఆమెని ఆ వీధి నుంచి తీసేసి మార్కెట్ వెనక సందులో వేశారు. తోటి పనివాళ్ళు ఆ వీధి పేరు ఎత్తితే మాట మార్చేసేది.

చివరికి గాజు పోగొట్టుకున్నావిడ సాక్ష్యానికి వచ్చింది. ఇస్త్రీ చీర, కళ్ళజోడు, మర్యాదైన మనిషి. ముందు సర్కారు వకీలు అడిగారు. తన పక్షం సాక్షిని తానే అడగడం, దాన్ని చీఫ్ అంటారు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గాజు తీసి వంటింటి కుళాయి పక్కన అరమీద పెట్టిందట. చెత్త మనిషి వచ్చిందట. పాత పేపర్లు కూడా పడేద్దామని తను వెనక గదిలోకి వెళ్ళిందట. తిరిగొచ్చి చూస్తే మనిషి లేదు, కాసేపటికి చూసుకుంటే గాజూ లేదు. తలుపు తీసే ఉందట.

"ఇంకెవరు తీస్తారు, హుజూర్? వచ్చింది ఆమె ఒక్కతే కదా."

మేజిస్ట్రేటుగారు రాసుకున్నారు. వినడానికి ఎంత సబబుగా ఉందో!

తర్వాత మా వంతు. ఎదుటి పక్షం సాక్షిని నిలదీయడం, క్రాస్. మా వకీలుగారు లేచి, గాజు బరువెంత, రసీదు ఉందా, ఎప్పుడు కొన్నారు అని మొదలుపెట్టారు. అన్నిటికీ ఆవిడ దగ్గర జవాబు ఉంది, రసీదు కూడా ఉంది. నేను వెనక కూర్చుని వింటున్నాను. వంటింటి కుళాయి పక్కన అరమీద. నా మనసు అక్కడే ఆగిపోయింది. వంటింటి దాకానా? మా మనిషా?

కాగితం చింపి రాశాను. 'ఈమెని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా గుమ్మం దాటనిచ్చారా అని అడగండి.' వకీలుగారి చేతిలో పెట్టాను. ఆయన చదివి, వంగి, నా చెవిలో బుస కొట్టారు.

"పిచ్చా దీదీ? జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో అడగకూడదు. 'ఆఁ, అప్పుడప్పుడూ లోపలికి వచ్చేది' అందంటే మన పని అయిపోయినట్టే."

"అనదు సార్."

"నీకెలా తెలుసు?"

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మా నాన్న ఓడల డాకులో పనిచేసేవాడని అందరికీ చెప్పుకునేదాన్ని. అది నిజమే. అమ్మ ఏం చేసేదో మాత్రం అన్నేళ్ళలో ఆ కోర్టులో ఒక్కరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఇంట్లోనే ఉండేది అనేదాన్ని. బల్ల మీద నా టీ కప్పు మిగతావాళ్ళ కప్పులతో పాటు ఉండాలని నా ఆశ. తప్పో ఒప్పో మీరే చెప్పండి.

"మా అమ్మ ఊడ్చేది సార్," అన్నాను. "ఈ భవానీపూర్‌లోనే. చిన్నప్పుడు సెలవుల్లో నేను కూడా వెళ్ళేదాన్ని. బకెట్ మెట్ల మీద పెడతారు. మనం అక్కడే ఎత్తుకోవాలి. నీళ్ళడిగితే పైనుంచి దోసిట్లో పోస్తారు. వంటింటి దాకా ఎవరూ రానివ్వరు. ఆవిడ చచ్చినా రానిచ్చాననదు, అడగండి."

ఆయన నన్ను అలాగే చూశారు. మేజిస్ట్రేటుగారు, "ఇంకేమైనా ఉందా?" అన్నారు. మా వకీలుగారు గొంతు సవరించుకున్నారు. ఆయన్ని నేను చాలాసార్లు తిట్టుకున్నాను గానీ ఆ రోజు మాత్రం దండం పెట్టుకున్నాను.

"అమ్మా, ఈమె మీ ఇంటికి ఎన్నాళ్ళు వచ్చింది?"

"పన్నెండేళ్ళు."

"పన్నెండేళ్ళు అంటే ఇంటి మనిషి లాంటిదే. లోపలికి వచ్చి చెత్త తీసుకెళ్ళేదా?"

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఛీ ఛీ! ఏం మాటలండీ అవి? మా ఇంట్లో ఠాకూర్ గది ఉంది, దేవుడుండే గది. బకెట్ మెట్ల మీదే పెడతాను. గుమ్మం తొక్కనిస్తానా?"

"పొరపాటునైనా ఎప్పుడూ తొక్కలేదా?"

"ఒకసారి దాని చీపురు గుమ్మానికి తగిలింది. ఆ పూట గుమ్మం నుంచి వంటింటి దాకా గంగాజలం పెట్టి కడిగించాను. మా ఇంట్లో ఆచారం అలాంటిది."

సర్కారు వకీలు తల పట్టుకోవడం నేను చూశాను. ఆవిడకి మాత్రం ఇంకా తెలియలేదు. గర్వంగా నిలబడి ఉంది.

"అయితే గాజు పోయిన రోజు కూడా కడిగించి ఉంటారు."

"లేదు. ఆ రోజెందుకు కడిగిస్తాను? ఆ రోజు అది లోపలికి..."

ఆగిపోయింది. మేజిస్ట్రేటుగారు కలం ఎత్తి, "వాక్యం పూర్తి చేయండి" అన్నారు.

"లోపలికి రాలేదు," అంది ఆవిడ, చాలా నెమ్మదిగా.

సర్కారు వకీలు మళ్ళీ లేచి సర్దబోయారు. క్రాస్ తర్వాత తన సాక్షిని తాను మళ్ళీ అడగడం, రీ-ఎగ్జామినేషన్. తను చూడకుండా వచ్చి ఉండొచ్చు కదా అన్నట్టు అడిగారు. చూడలేదని ఆవిడే అంది. చూడనిది చూశానని చెప్పే మనిషి కూడా కాదు, ఆ మాట ఒప్పుకోవాలి.

గాజు ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవలసిన పని నాది కాదు, మా మనిషిది అంతకన్నా కాదు. నేరం రుజువు చేయాల్సింది మోపినవాళ్ళు. మీరు ఒక్క మాట నేర్చుకుంటే ఇది నేర్చుకోండి.

ఇంక వాదనలు. మా వకీలుగారు సంశయలబ్ధి అడుగుదామన్నారు. బెనిఫిట్ ఆఫ్ డౌట్. నేరం చేసిందో లేదో అనుమానం ఉంది కాబట్టి వదిలేయడం. నేను వద్దన్నాను. అనుమానం ఉందని కాగితంలో ఉంటే ఆ ఆఫీసు బాబు దాన్నే పట్టుకుని వేలాడతాడు, ఆ మాట అప్పటికే కనుక్కుని వచ్చాను.

"వదిలేస్తే చాలదా దీదీ? ఇంకేం కావాలి, ఊరేగింపు తీయాలా?" అని కసిరారు.

"వదిలేయడానికి ఆమె కట్టేసిన గొడ్డు కాదు సార్. ఆధారమే లేదని అడగండి. ఆవిడ నోటితోనే చెప్పింది కదా," అన్నాను. ముహురీ వకీలుకి చెప్పకూడని మాట అది. చెప్పాను. ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు గానీ, వాదన మాత్రం అలాగే చేశారు.

తీర్పులో మేజిస్ట్రేటుగారు అనుమానం మాటే ఎత్తలేదు. ముద్దాయి ఆ ఇంట్లోకి అడుగుపెట్టిందనడానికి ఆధారం ఏమీ లేదని రాశారు. దీన్ని ఇక్కడ బేకసూర్ ఖలాస్ అంటారు, ఏ తప్పూ లేకుండా విడుదల. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వకీలుగారు అందరికీ టీ చెప్పారు. ఆమె మాత్రం టీ పట్టుకుని నిలబడి ఉంది, తాగట్లేదు.

"ఏటే, సంతోసం నేదా?" అన్నాను.

"నన్ను గుమ్మం ఎక్కనివ్వనేదు కాబట్టి నాను దొంగని కాదన్నారు కదా అప్పా?"

"అవును."

"మరి ఎక్కనిచ్చుంటే దొంగనైపోదునేటి?"

వకీలుగారి కోసం తర్జుమా చేసి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి, కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు.

తీర్పు నకలు తీసుకుని ఆమెతో పాటు నేనే ఆఫీసుకి వెళ్ళాను. బాబు అటు తిప్పి ఇటు తిప్పి చదివాడు. వెతికిన మాట దొరకలేదు. సరే, ఉద్యోగం ఇస్తాం అన్నాడు. కొత్త వీధి చూసిపెడతాను, పాత చోట గొడవెందుకు అన్నాడు. మంచిమాటే అనిపించి నేను కూడా తల ఊపాను. మళ్ళీ తల ఊపాను చూడండి! బుద్ధి ఎక్కడికి పోతుంది?

"నా ఈదే నాకియ్యండి బాబూ," అంది ఆమె.

"ఎందుకే తగువు? ఒగ్గీ," అన్నాను.

"పన్నెండేళ్ళు ఊడ్సినాను. ఇప్పుడు తలొంచుకుని ఇంకో ఈదికి పోతే, తీసింది గాబట్టే పోనాదంటారు. నాను పోను అప్పా. ఆ ఈదే."

ఇచ్చారు. మొదటి సోమవారం పొద్దున్నే బండి తోసుకుని ఆ ఇంటి కిందికి వెళ్ళింది. పైకి ఎక్కలేదు. కింద రోడ్డు మీద నిలబడి, మూడో అంతస్తు బాల్కనీ వైపు చూసి, గొంతెత్తి పిలిచింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. పక్కిళ్ళ కిటికీలన్నీ తెరుచుకున్నాయట. చాలాసేపటికి ఆవిడ బకెట్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. రోజూ అలాగే దిగుతోంది. ఆఫీసుకి ఫిర్యాదు కూడా చేసింది, చెత్త మనిషి మెట్లెక్కడం లేదని. బాబు నన్ను అడిగించాడు, మెట్లెక్కి తీరాలని రూలేమైనా ఉందా అని. మొత్తం వెతికాను. ఎక్కడా లేదు.